చూసిన చోటికే పోయిన బంతి

ఒక మనిషి ఒక బంతిని తిన్నగా కొట్టిన పాపానికి అతని కాంట్రాక్టు పోయింది, నా ఉద్యోగం పోయింది, ఒక పోలీసు దొరగారి తెల్లప్యాంటు టీలో తడిసిపోయింది. వంకరగా కొట్టి ఉంటే అందరం బాగుపడేవాళ్లం. నవ్వండి, ఫరవాలేదు. నేనూ నవ్వుతూనే చెబుతాను. కాకపోతే నా నవ్వు కాకరకాయ వేపుడు లాంటిది, బెల్లం వేసి వడ్డించడం నాకు చేతకాదు.

తెల్లదొరల కాలం. బేతంచెర్ల దగ్గర ఒక రాళ్ల కంపెనీ ఉండేది. దాని మేనేజరు దొరకు గోల్ఫు పిచ్చి. పచ్చిక మీద ఆడాల్సిన ఆటను ఆయన మా నాపరాతి నేల మీద ఆడేవాడు. బంతి పడాల్సిన గుంత చుట్టూ ఇసుకలో మడ్డినూనె కలిపి చదును చేయించి, దాన్నే పచ్చిక అనుకోమన్నాడు. మేత లేదని మేకలు కూడా తొంగిచూడని ఆ మైదానంలో ఆయన ఆదివారం ఆదివారం టోపీ పెట్టుకుని తిరుగుతుంటే, చూసినవాళ్లు ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నాడనుకునేవాళ్లు. అదీ నిజమే. బంతి వెతుక్కునేవాడు. ఆయన కొట్టిన ప్రతి బంతీ గాలిలో కుడివైపుకు తిరిగి తుమ్మకంపలో పడేది.

నేను అప్పటికి నీలగిరిలో ఒక దొరల క్లబ్బులో, గోల్ఫు నేర్పే మాస్టరు దగ్గర కర్రలు బాగుచేసే పని కొంతకాలం చేసి, చలికి తట్టుకోలేక తిరిగొచ్చి ఈ కంపెనీలో గుమాస్తాగా చేరాను. ఆ మాస్టరు చెప్పే పాఠాలన్నీ నాకు నోటికొచ్చు. వంటింటి పక్కన కాపురమున్నంత మాత్రాన వంట వస్తుందా అని మీరు అడగొచ్చు. అప్పట్లో నన్నెవరూ అడగలేదు. దొర బంతి కంపలోకి ఎందుకు పోతోందో ఒకరోజు తోటి గుమాస్తాలకు చేతులు తిప్పుతూ వివరిస్తుంటే, సంగతి దొర చెవిన పడింది. తిడతాడనుకుంటే, పిలిచి కొత్త పని అప్పగించాడు. ఊరి పెద్దమనుషులు ఇద్దరు తనతో ఆడాలని ఉబలాటపడుతున్నారట. వాళ్లకు నేర్పాలి. బాగా నేర్పితే మైదానానికి మాస్టరుగా నన్నే వేస్తాడట.

ఆ ఇద్దరిలో ఒకరు కిరాణా వర్తకుడు సుబ్బరామ సెట్టి. రెండోవారు రాళ్లబండ్ల దస్తగిరి సాయబు. ఇద్దరికీ ఆట మీద మోజేమీ లేదు. దొర కాంట్రాక్టులన్నీ ఆ మైదానంలోనే తేలుస్తాడని ఊరందరికీ తెలుసు. కూలీల సరుకుల సరఫరా సెట్టికి కావాలి. గని నుంచి స్టేషనుకు రాయి తోలే కాంట్రాక్టు దస్తగిరికి కావాలి. దానికి పోటీగా బళ్లారి నుంచి ఒక కాంట్రాక్టరు అప్పుడే కర్రల సంచీతో సహా దిగి, దొర వెంట తిరుగుతున్నాడు.

పాఠాలు మొదలుపెట్టాను. ఇల్లు తెలిసిన ఎద్దుల పగ్గం పట్టుకున్నట్టు కర్రను వదులుగా పట్టుకోవాలన్నాను. కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టాలన్నాను. తల కదలకూడదు, నడుము తిరగాలి, బలంతో పనిలేదన్నాను. కర్ర ముఖం ఎటు చూస్తే బంతి అటు బయలుదేరుతుంది, కర్ర వచ్చే దారి ఒకటీ దాని ముఖం చూసే దిక్కు ఒకటీ అయితే, ఆ తేడా కొద్దీ బంతి గాలిలో పక్కకు తిరిగిపోతుందని తలుపు రెక్క తెరిచి, మూసి చూపించాను. నీలగిరి మాస్టరు వింటే కౌగిలించుకునేవాడు. శిష్యులు మాత్రం ఆవలించారు.

సెట్టి కర్రను త్రాసులా పట్టుకునేవాడు. రవ్వంత అటూ ఇటూ కాకుండా చాలాసేపు సరిచూసుకుని, చివరికి బంతిని అలా తాకేవాడు. అది జారిపడిన శనగగింజలా కాస్త దొర్లి ఆగేది. దస్తగిరిది ఇంకో దారి. యాభై దాటినా దున్నపోతు లాంటి మనిషి, వయసులో సుత్తితో బండలు పగలగొట్టినవాడు. కర్రను నడినెత్తి మీదికి ఎత్తి, బయటినుంచి లోపలికి అడ్డంగా నరికేవాడు. బంతి లేచి, కొంతదూరం బుద్ధిగా పోయి, అచ్చం దొర బంతిలాగే కుడివైపుకు తిరిగి కంపలో పడేది. నెలల తరబడి చెప్పాను. నెమ్మదిగా కొట్టు మామా అంటే, "నెమ్మదిగా కొడితే రాయి పగలదు అయివారూ" అనేవాడు. మా పక్క పంతులును అయివారంటారు. ఆ పిలుపుకే నేను సగం కరిగిపోయేవాణ్ణి.

ఇక్కడే నా తెలివి వెలిగింది. మనిషిని మార్చలేకపోతే, గురిని మార్చితే పోలేదా? మైదానానికి ఎడమవైపు ఒక వేపచెట్టు ఉంది. గుంతలో పాతిన జెండాను మరిచిపోయి ఆ చెట్టును చూసి కొట్టమన్నాను. కొట్టాడు. బంతి చెట్టు వైపు బయలుదేరి, గాలిలో కుడికి తిరిగి, వచ్చి జెండా పక్కన పడింది. మేమిద్దరం వాటేసుకున్నాం. జబ్బు నయం చేయకుండా రోగికి నడక నేర్పిన వైద్యుణ్ణి నేను. ఆ రోజు మాత్రం ధన్వంతరిననే అనుకున్నాను.

కాంట్రాక్టులు తేల్చడానికి దొర పరీక్ష పెట్టిన ఆదివారం రంజాన్ నెలలో పడింది. రోజు మార్చమని దస్తగిరి కబురు పెట్టాడు గానీ, చూడడానికి వస్తున్న పోలీసు దొర మళ్లీ దొరకడని మేనేజరు ఒప్పుకోలేదు. ఖద్దరు టోపీ కనబడితే లాఠీలు లేచే రోజులవి. ఆ పోలీసు దొర వస్తున్నాడంటేనే ఊళ్లో సగం మంది పొలాల్లోకి పోయారు.

మధ్యాహ్నం ఎండ పెనం మీద నీళ్లు చల్లినట్టు చిటపటలాడుతోంది. మైదానంలో నీడ ఉన్న చోటు ఒక్కటే కాబట్టి, అతిథి కోసం డేరా సరిగ్గా ఆ వేపచెట్టు కిందే వేశారు. సెట్టి బంతిని తాకాడు, అది దొర్లింది, దొరలు ముద్దుగా చప్పట్లు కొట్టారు. దస్తగిరి వంతు వచ్చింది. మంచినీళ్లు కూడా తాగని ఉపవాసం, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కర్ర పట్టుకుని డేరా వైపు చూసి, నన్ను దగ్గరికి పిలిచాడు.

"చెట్టు కింద దొరలు కూర్చోనుండారు గదా, నేను యాడ చూడల్ల?"

"చెట్టునే చూడు. ఇన్నాళ్లలో ఆడికి ఒక్క బంతన్నా పోయిందా మామా?"

"పోలా."

"ఈరోజూ పోదు. నాదీ పూచీ."

నా జీవితంలో నేనిచ్చిన పూచీ అదొక్కటే. దస్తగిరికి నెత్తి మీదికి కర్ర ఎత్తే ఓపిక లేదు, నరికే బలం లేదు. చేతులు వదులుగా, నడుము మెల్లగా తిరిగి, నేను నెలల తరబడి మొత్తుకున్న పాఠం మొత్తం ఆ నీరసంలో దానంతటదే వచ్చేసింది. చప్పుడు కూడా శుభ్రంగా వినిపించింది. బంతి గీత గీసినట్టు పోయింది. ఇప్పుడు తిరుగుతుంది, ఇప్పుడు తిరుగుతుంది అని నేను మనసులో దాన్ని కుడివైపుకు తోస్తూనే ఉన్నాను. అది తిరగలేదు. డేరాలోకి దూరి, టీకెటిలును పగలగొట్టి, పోలీసు దొర ఒళ్లో పడింది.

కానిస్టేబుళ్లు పరుగెత్తుకొచ్చి దస్తగిరి రెక్కలు పట్టుకున్నారు. మేనేజరు నన్ను పిలిచి, ఇతను డేరాను చూసి కొట్టాడా అని అడిగాడు. ఆలోచించండి. చూసే కొట్టాడు, నేనే చూడమన్నాను. ఆ మాటంటే హత్యాప్రయత్నం. లేదంటే, బంతిని ఎటు కొడతాడో తనకే తెలియని మొద్దు. అప్పుడు కాంట్రాక్టు గోవిందా. నేను రెండోదే ఎంచుకున్నాను. ఇతనికి ఆట రాదు దొరా, ఏనాడూ బంతి చెప్పినట్టు పోలేదు, నాకూ ఈ విద్య సరిగ్గా తెలియదు, ఏదో నోటికొచ్చింది నేర్పానని చేతులు జోడించి చెప్పాను.

దస్తగిరి తల అడ్డంగా ఊపాడు. "అట్ల కాదు దొరా. నేను చూసిన చోటికే కొట్టినా."

అంత గర్వంగా ఆయన ఏ మాటా అనగా నేను వినలేదు. ఎండ దెబ్బకు మతి చలించిందని, ఉపవాసమని, ముసలివాడని అడ్డం పడ్డాను. పోలీసు దొర ప్యాంటు దులుపుకుంటూ నవ్వి, వదిలేయమని కానిస్టేబుళ్లకు సైగ చేశాడు. ఈ చేతులు ఎద్దులు తోలడానికే పుట్టాయని ఏదో అన్నాడు. దొరలంతా నవ్వారు. వాళ్లకు కనబడేలా నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా మూతికి అంటుకునే ఉంది.

రాళ్ల కాంట్రాక్టు బళ్లారి మనిషికి పోయింది. విద్య రాదని తన నోటితోనే ఒప్పుకున్నవాణ్ణి ఉంచుకోలేమని నన్ను తీసేశారు. సరుకుల సరఫరా సెట్టికి దక్కింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి దక్కుతూనే ఉంది. అప్పటికి గానీ నాకు తెలియలేదు, దొరకు కావలసింది ఆడేవాడు కాదు, ఓడేవాడని.

ఆ సాయంత్రం దస్తగిరి ఇంటికి పోయాను. ఉపవాసం విడిచి అరుగు మీద కూర్చున్నాడు. నాకూ ఒక ఖర్జూరం ఇచ్చాడు.

"ఒగ మాట చెప్పు అయివారూ. ఆ దెబ్బ బాగుండెనా?"

"నీలగిరిలో దొరలు కూడా అట్లా కొట్టగా నేను చూడలేదు మామా."

"మరి అంతమంది ముందర చేతగానోడంటివే."

జైలు తప్పించడానికి అన్నానన్నాను. తెలుసని తల ఊపాడు.

"జైలుకు పోయింటేనే బాగుండు. ఆడైనా, చూసిన చోటికి కొట్టినోడని అనుకునుందురు."

ఖర్జూరం తినకుండానే జేబులో వేసుకుని లేచాను. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, తూర్పుకు తిరిగి శాస్త్రోక్తంగా శపథం చేశాను. ఇక ఈ జన్మలో గోల్ఫు కర్ర ముట్టను. ఎవరి తప్పునూ ఇంకో తప్పుతో సరిదిద్దను. చెట్టుకీ, పుట్టకీ, దేనికీ పూచీ పడను. బాగా కొట్టినవాణ్ణి చేతకానివాడని ఎవరి ముందూ అనను. మొదటి మూడూ ఇట్టే నిలబెట్టుకున్నాను. నాలుగోది నిలబెట్టుకునే అవకాశమే రాలేదు. అంత బాగా కొట్టినవాడు మళ్లీ నాకు తగల్లేదు.