మౌనా కియా దారిలో ఆపని కారు

హవాయిలో మౌనా కియా శిఖరం మీద మా ఆవిడ కూలబడిపోయిన సంగతి అమెరికాలో మేముండే ఎడిసన్ ఊళ్ళో మా స్నేహితులందరికీ నేనే చెప్పాను. ఎందుకు కూలబడిందో మాత్రం చెప్పలేదు.

సెలవులకి మేమిద్దరమే వెళ్ళాం. ఆ అగ్నిపర్వతం ఎక్కే దారి మధ్యలో విజిటర్ సెంటర్ ఉంది. అక్కడ కాసేపు ఆగి, పల్చటి గాలికి ఒళ్ళు అలవాటయ్యాకే పైకి వెళ్ళాలని బోర్డు కూడా ఉంది.

"ఏవండీ, తల పట్టేసినట్టుంది. ఇక్కడ ఆగుదాం," అంది.

"ఆగితే సన్‌సెట్ అయిపోతుంది. నీకు ప్రతిదానికీ తలనొప్పే," అన్నాను.

పైన కారు దిగగానే వాంతి చేసుకుని, తలుపు పట్టుకునే కూలబడింది. నేను సూర్యుడు మేఘాల కిందికి దిగేదాకా ఫొటోలు తీసి, ఆ తర్వాతే కారు వెనక్కి తిప్పాను.

అప్పటినుంచి ఎవరింట్లో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ జరిగినా, "మా ఆవిడకి బేస్‌మెంట్ మెట్లెక్కినా ఆక్సిజన్ కావాలి," అని నవ్వించేవాణ్ణి. పిల్లలు కూడా "ఆంటీ, కేర్‌ఫుల్, మెట్లున్నాయి!" అనేవారు. ఆమె మెల్లగా ట్రిప్పులకి రావడమే మానేసింది.

మొన్న మా ఇంట్లో పాట్‌లక్‌లో ఒక స్నేహితుడు అందరికీ కొలరాడోకి టికెట్లు బుక్ చేస్తూ, "మీ ఆవిడని లెక్కలో వేయలేదురా. కొండలు పడవుగా," అన్నాడు. ఆమె పక్కనే ప్లేట్లు తీస్తోంది.

"కొండలు పడకపోవడం కాదు. ఆ రోజు హవాయిలో దారి మధ్యలో ఆగమని అడిగింది, నేను ఆపలేదు. పడిపోయినా ఫొటోలే తీసుకున్నాను," అన్నాను అందరికీ వినబడేలా. ఆమె వైపు తిరిగి, "నా తప్పుని నీ మీదకి తోసి ఇన్నేళ్ళూ అందరినీ నవ్వించాను. నన్ను క్షమించు," అన్నాను.