ఎర్రగీత పడని రిపోర్టు

అద్దంకి దగ్గర పల్లెలో ఉండే మా మేనత్త మొన్న మంగళవారం పోయింది. మామయ్య ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, "మీ అత్త పొద్దున లేవలేదురా. గుండె ఆగిపోయిందంట" అన్నాడు. లేవలేదన్న మాట ఆ ఇంట్లో ఆరేళ్లుగా ఆవిడ గురించి రోజూ అంటున్నదే. అది తోచిన దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. ఒకచోట కూర్చోలేక ఇది రాస్తున్నాను.

నేను హైస్కూలు చదివింది వాళ్లింట్లోనే. మిరపకోతల రోజుల్లో, తన చేతి ఘాటు నాకు మంటపుట్టిస్తుందని అన్నం గరిటెతో కలిపి పెట్టేది. కోతకు దిగితే రెండు సాళ్లు ఒక్కతే లాక్కుపోయే మనిషి. ఒక విషజ్వరం తర్వాత, ఒకరోజు చేలోకి వెళ్తే నాలుగు రోజులు మంచం దిగలేకపోయేది. డాక్టర్లు డిప్రెషన్ అన్నారు. ఇంట్లోవాళ్లు బద్ధకం అన్నారు.

"దిగులైతే పనిమీదికి మనసు పోదు కదరా. నా మనసంతా కల్లంలోనే ఉంది, కాళ్లే రావట్లేదు" అనేది.

నేను గుంటూరులో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. నా ముందు చేయి చాపి, "నీకన్నా దోమలు నయంరా, పరగడుపున రమ్మనవు" అని ఆటపట్టించేది. ఒకసారి మా డాక్టరుగారు కార్టిసాల్ చూడమన్నారు. "దిగులు జబ్బులో ఈ హార్మోను తరచూ ఎక్కువుంటుందయ్యా. జ్వరాల తర్వాత పట్టుకుని వదలని ఇలాంటి నీరసం జబ్బులో తక్కువని కొందరంటున్నారు. ఖాయంగా తేల్చే పరీక్ష మాత్రం ఇంకా లేదు" అన్నారు. అత్తయ్యకు తక్కువే వచ్చింది, కానీ నార్మల్ హద్దులోనే.

హద్దు దాటిన అంకె కింద మేం ఎర్రసిరాతో గీత గీస్తాం. పల్లెల్లో చాలామంది చూసేది ఆ గీత ఒక్కటే. అది లేకపోతే జబ్బు లేనట్టే.

అత్తయ్య కాగితం తిరగేసి చూసింది. "ఒక్క గీత గీయరా. మందులకు కాదు, మీ మామయ్యకు చూపిస్తా."

"తప్పత్తా, ఉద్యోగం పోతుంది. అన్నీ బాగానే ఉంటే సంతోషించక."

"సర్లే. పోనీ నువ్వు నమ్ముతున్నావా?"

గీత గీయనందుకు నాకు బాధ లేదు, అది సబబే. కానీ నేను ఆవిడను నమ్మాను. ఆ మాట చెప్పడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. చెప్పలేదు. రిపోర్టు కవర్లో పెట్టి చేతికిచ్చి, తర్వాతి పేషెంటును పిలిచాను.

కిటికీలోంచి చూస్తే, బస్టాండు వైపు నాలుగడుగులు వేసి పక్క కొట్టు మెట్లమీద కూలబడింది. కవరు ఒళ్లో పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లకు అడ్డం కాకుండా, ఒక్కో కాలినీ చేతుల్తో ఎత్తి పక్కకు జరుపుకుంటోంది.