ముందు వైపు లేని జంతువు

మా మేనకోడలు తన ఫోను నా ఒళ్ళో పెట్టి, "ఇది చేసి ఇవ్వు అత్తా, నాకింకేమీ వద్దు," అన్నప్పుడు నేను పెసలు ఏరుకుంటున్నాను. తెర మీద పసుపు పచ్చని జంతువొకటి. పనసకాయంత పొట్ట, నెత్తి మీద ముందుకు వంగిన ఒంటి కొమ్ము, చెంప మీద గోధుమరంగు మచ్చ. రాళ్ళు తింటూ నడుస్తోంది. మూడేళ్ళుగా ఆ పిల్ల ఆడే ఆట అదొక్కటే. సోమవారం ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి చదువుకు మదురై హాస్టలుకు పోతోంది. అక్కడ ఫోను ఉండనివ్వరు. అందుకని ఆ జంతువును క్రోషియాలో అల్లి ఇమ్మంటోంది.

తప్పు నాదే. సత్రపట్టిలో ఒక పెళ్ళి ఊరేగింపుకు ఏనుగు ముఖపట్టా మొత్తం ఒక్క మధ్యాహ్నంలో అల్లేశానని, ఏనుగు కదలకుండా నిలబడి కొలతలిచ్చిందని ఈ పిల్ల చిన్నప్పుడు చెప్పాను. నిజానికి అది గేదె. గేదె కూడా కాదు, గేదె బొమ్మ.

"నీ ఏనుగు కత మాదిరి వద్దు," అని ముందే కట్టడి చేసింది. "దీంట్లో ఎట్లుండాదో అట్లే చెయ్యాల. నువ్వుగా ఒక్కటి కూడా చేర్చకూడదు."

బొమ్మ అల్లాలంటే ముందు లెక్క రాసుకోవాలి. మొదటి చుట్టుకు ఆరు కుట్లు, తరువాత పన్నెండు, ఆపైన పద్దెనిమిది, ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి. క్యాలెండర్ నుంచి చించేసిన తేదీ కాగితాల వెనక రాసుకుంటూ పొట్టను ఒక్క పూటలో ముగించాను. ముఖం దగ్గర సూది ఆగిపోయింది. ఆ జంతువు ఎప్పుడూ పక్క నుంచే కనిపిస్తుంది. ఎడమకు నడుస్తుంది, కుడికి నడుస్తుంది, మన వైపు మాత్రం చూడదు. రెండో కన్ను ఎంత దూరంలో ఉంది? మూతి వెడల్పెంత?

"కొంచెం ఇటుపక్కం తిరగమను," అన్నాను.

"తిరగదు అత్తా. దానికి తిరిగేది తెలీదు."

నేనే తిప్పుతానని ఫోను లాక్కున్నాను. గంటసేపట్లో ఎన్నిసార్లు గుంతలో పడి చచ్చానో లెక్కలేదు. ఒక్కటి మాత్రం తెలిసింది. ఎడమకు పోయినా మచ్చ కనిపిస్తుంది, కుడికి పోయినా అదే మచ్చ కనిపిస్తుంది. ఉన్నది ఒకటా, రెండా?

ఒక చెంపకే పెట్టాను. "ఇటునించి చూస్తే ఇది వేరే ఎవరో," అంది. రెండు చెంపలకూ పెట్టాను. ముందు నుంచి చూసి, "ఏమత్తా, సంతలో మిఠాయి తినేసి మూతి తుడుచుకోలేదా ఇది?" అంది. ఒళ్ళు మండి, చూపు మళ్ళుతుందని వెనక ఒక కుచ్చు తోక తగిలించాను.

"దీనికి వాలు ఎక్కడ చూసినావు?"

"వెనకాల. నువ్వు చూడనప్పుడు."

బొమ్మ వచ్చి నా చీర కుచ్చెళ్ళలో పడింది.

మిల్లు నుంచి వచ్చిన మా తమ్ముడు, ఆ పిల్ల నాన్న, చొక్కా విప్పుతూ నవ్వాడు. "ఏమక్కా, ఊరంతటికీ లేనిది ఉండేమాదిరి చెప్పేదానివి, ఒక మూతి చేర్చేదానికి ఇంత కష్టమా?"

అదే నా కడుపుమంట కూడా. ఎవరు ఏమి అడిగినా నా నోటికి రానిదంటూ ఉండదు. ఈ దిక్కుమాలిన జంతువుకు ముఖం పెట్టడానికి వీల్లేదట. శనివారం సాయంత్రానికి విప్పీ విప్పీ నూలు పీచు లేచిపోయింది. సూది విసిరేసి, "ఏదో ఒక ముఖం ఉంటే నీకేమే?" అని కసిరాను.

పిల్ల తన పెట్టెలో బట్టలు సర్దుతోంది. తలెత్తలేదు. "ఆడ అందురూ కొత్త. ఇదొకటన్నా తెలిసిందిగా ఉండాల," అంది.

విసిరేసిన సూది వెతికి తెచ్చుకున్నాను. కూర్చుని పొట్ట కూడా విప్పేశాను. చూసింది పక్కలే గదా, రెండు పక్కలే అల్లుదాం, అంచులు కలిపి కుట్టి మధ్యలో దూది కూరుదాం అనుకున్నాను. ఆదివారం ఒకే లెక్కతో రెండు పక్కలూ అల్లి, ఒకదాని మీద ఒకటి పెట్టాను. ఒక కొమ్ము వీధి వైపు, ఇంకోటి వంటింటి వైపు! కొమ్ములు కలిసేలా ఒకదాన్ని తిప్పితే, మచ్చ కోసం రంగు మార్చిన చోట దారాల కొసలన్నీ బయటికొచ్చి గడ్డంలా వేలాడాయి. రెండో పక్కను మళ్ళీ విప్పి, తేదీ కాగితాల్లోని ప్రతి వరసనూ చివరి నుంచి మొదటికి చదువుకుంటూ అల్లాను. మధ్యలో ఎవరు పలకరించినా తిట్టాను. పాలామెను కూడా.

సోమవారం బస్టాండులో పిల్ల చేతికిచ్చాను. ఎడమ పక్క చూసింది, కుడి పక్క చూసింది. "ఇదే," అంది. తరువాత తన వైపు తిప్పుకుంది. పైనుంచి కిందికి ఒక కుట్టు గీత, అంతే.

"ముందర ఏమీ లేదే అత్తా?"

"నేను చూడలేదు."

నా ముఖంలోకి అనుమానంగా చూసి, దాన్ని చంకలో పెట్టుకుని బస్సెక్కింది. నేరుగా నిలబెడితే నిలవదు ఆ జంతువు, బోర్లా పడుతుంది. ఆ సంగతి దారిలోనే తెలిసి ఉంటుంది.

ఇప్పుడు వీధిలో ఎవరడిగినా అది ఎద్దంత ఉందనీ, బస్సులో దానికి వేరే టికెట్టు కొట్టారనీ చెబుతున్నాను. ముఖం ఎట్లుండాది అని అడిగితే మాత్రం పెసల చేట ముందుకు లాక్కుంటాను.