వస్తున్నానమ్మా, వస్తున్నా

ఏలూరు నుంచి గణపవరం వెళ్లే బస్సులోకి ఆ పెద్దాయన ఎక్కినప్పుడు అందరూ నవ్వారు. నిలబడ్డవాళ్ల వెనకనుంచి వస్తూ ఒక్కొక్కరికీ "వస్తున్నానమ్మా, వస్తున్నా" అని చెప్పుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఏవండీ, అందరికీ అలా చెప్పుకుంటూ వస్తారేంటండీ?" అన్నాను.

"ముప్పయ్యేళ్లు ఏనుగుల దగ్గర పనిచేశానండి. అలవాటైపోయింది."

మా చిన్నమ్మాయి నెల క్రితమే అడవిలో ఏనుగుల సంరక్షణ కేంద్రానికి వెళ్లింది, జీతం లేకుండా సేవ చేస్తానని. అక్కడ ఫోన్ సరిగా కలవదు. దిగులుతో నాకు అన్నం సయించడం లేదు. ఆ మాటే ఆయనతో చెప్పి, "ఏమీ చేయవు కదండీ?" అని అడిగాను.

"చప్పుడు చేయకుండా దగ్గరకెళ్తేనే ప్రమాదమమ్మా. ఉలిక్కిపడిందంటే తనేం చేస్తుందో దానికే తెలీదు. దూరం నుంచే మాట్లాడుతూ వెళ్లాలి. మీ అమ్మాయి మాట్లాడుతుందా?"

"మాట్లాడటమా! పాలు పితికినంతసేపూ మా గేదెకి ఊళ్లో కబుర్లన్నీ చెప్పేదండీ."

ఆయన పైకే నవ్వేసి, "అయితే హాయిగా ఉండండమ్మా" అన్నారు. చేపల చెరువుల పక్కన ఏదో ఊరొస్తే, మళ్లీ "వస్తున్నానమ్మా" అనుకుంటూ దిగిపోయారు. పేరైనా అడగలేదు నేను.

ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను. ఆదివారం అమ్మాయి దగ్గర్లోని ఊళ్లోకొచ్చి ఫోన్ చేసి, ఓ ముసలి ఏనుగు స్నానం గురించే గంటసేపు చెప్పింది. చిన్నప్పటినుంచీ మా అమ్మాయిని "కాసేపు ఆపవే" అన్నదాన్ని, ఈసారి "ఇంకా చెప్పవే" అన్నాను.