ఆరుద్ర ఇప్పుడు ఉందా?

ఏడో తరగతికి నక్షత్రాల పాఠం చెప్పాలంటే నాకు చిరాకు. పట్టపగలు బోర్డు మీద సుద్దముక్కతో నాలుగు చుక్కలు పెట్టి, ఇదే పాలపుంత అంటే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను. అందుకే కోస్గి దగ్గర మా బడికి ఆకాశం చూపించే గాలి గుడారం వస్తోందనగానే పిల్లలకన్నా నేనే ఎక్కువ ఎగిరాను. నల్లటి గుడ్డతో కుట్టిన గుడారం అది. బయట పెద్ద ఫ్యాన్ పెట్టి గాలి ఊదుతుంటే గదంత బుడగలా లేచి నిలబడుతుంది. గుడ్డతోనే చేసిన ఇరుకు దారిలో పాక్కుంటూ లోపలికి పోవాలి. వెల్లకిలా పడుకుంటే పైనంతా ప్రొజెక్టరు వేసే చుక్కలు.

ఆ పొద్దున ఒక పిల్ల తల్లి చేనుకు పోతూ బడి దగ్గర ఆగింది. పిల్లకు ఆయాసం ఉంది. పీల్చే మందు పంపు నా చేతిలో పెట్టి, "టీచరమ్మా, చీకట్ల బుగులుపడితే బిడ్డకు దమ్ము వస్తది. దాని దగ్గరుంటే యాడనన్న పారేస్తది, మీ దగ్గర్నే పెట్టుకోండ్రి. జర పక్కకే కూసోవెట్టుకోండ్రి" అంది.

"నీకేం ఫికర్ వద్దమ్మా, నా పక్కనే ఉంటది" అన్నాను. పంపును కొంగున గట్టిగా ముడేసుకున్నాను.

గుడారం తెచ్చిన అబ్బాయి బయట ఫ్యాన్ దగ్గర నిలబడ్డాడు. వెలుగు పడకూడదని సెల్‌ఫోన్లన్నీ బయటే పెట్టించాడు. లోపల పాఠం చెప్పేది నేనే. బయటికి పోయే దారి పక్కనే కూర్చుని ఎర్రటి చుక్క ఒకటి చూపించాను.

"అదే ఆరుద్ర. ఇంట్ల ఆరుద్ర కార్తె అంటరు కదా, ఆ పేరు ఈ చుక్కదే. దాని వెలుగు మన దాకా రావడానికి కొన్ని వందల ఏండ్లు పడుతది. అంటే ఇప్పుడు మనం చూసేది పాత కబురు."

"టీచర్, మరి గది గిప్పుడు ఉన్నదా, లేదా?"

గొంతు ఆ పిల్లదే. కానీ వచ్చింది నా పక్కనుంచి కాదు, గుడారం అవతలి చివరనుంచి. పాలపుంత బాగా కనబడుతుందని చీకట్లో దొర్లుకుంటూ అటు పోయింది. తిట్టడానికి నోరు తెరిచానో లేదో, చుక్కలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఫ్యాన్ మోత ఆగింది. వంట దగ్గర నీళ్ల కోసం ఎవరో బోరు మోటరు వేస్తే ఫ్యూజు పోయిందని తర్వాత తెలిసింది.

గుడారం కప్పు మెల్లగా దిగడం మొదలైంది. గుడ్డ తలలకు తగలగానే పిల్లలు కేకలు పెట్టారు. "ఏం కాదు మేడం, ఒకరెనుక ఒకర్ని పంపుండ్రి" అని బయటనుంచి ఆ అబ్బాయి అరుస్తున్నాడు. ఏం కాదట! మందు నా కొంగున, పిల్ల ఆ చివర. లేచి పోదామంటే, నేను కదిలిన మరుక్షణం ఆ ఇరుకు దారిలో తొక్కులాట జరుగుతుంది. పంపును చేతులు మార్చి పంపిద్దామంటే, చీకట్లో ఎక్కడ జారిపడుతుందోనని భయం.

ఒక్కొక్కరి భుజం పట్టి బయటికి తోస్తూనే, "ఆ చివరున్న పిల్ల ఎట్లుందో అడుగుండ్రి, ఒకరికొకరు చెప్పుకుంట పోండ్రి" అన్నాను. మాట చీకట్లో అటు పోయింది. చాలాసేపటికి ఇటు తిరిగొచ్చింది.

"మంచిగనే ఉన్నదట, టీచర్."

హమ్మయ్య అనుకున్నాను. మరుక్షణమే ఇంకోటి తట్టింది. ఆ మాట అక్కడ బయలుదేరి ఎంతసేపైంది? నాకు అందింది పాత కబురే కదా. ఇప్పుడు ఎట్లుంది?

పిల్లలు వస్తున్నారు, పోతున్నారు. ఆయాసం పిల్ల మాత్రం రాలేదు. ఆఖరున వచ్చిన పిల్ల, "నా ఎనుకనే ఉండె, టీచర్" అని ఏడ్చింది. ఆ పిల్లను బయటికి తోసి, వీపు మీద గుడ్డ బరువు మోస్తూ మోకాళ్ల మీద లోపలికి పాకాను. పేరు పెట్టి పిలిచాను, పలుకు లేదు. ఆగి చెవి పెట్టి వింటే ఆయాసపు పిల్లికూతలు వినబడ్డాయి. ఆ చప్పుడు వింటే ఎవరికైనా భయమే, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. చప్పుడు పట్టుకుని పోయాను. పిల్ల చెయ్యి తగిలింది, చల్లగా, చెమటతో. కొంగు ముడి ఎంతకీ రాలేదు. పంటితో లాగి విప్పాను. పంపు నోటికి పెట్టి నొక్కాను. కాసేపాగి మళ్లీ నొక్కాను.

వరండాలో గోడకు ఆనించి కూర్చోబెట్టేసరికి కబురందుకుని తల్లి చేనులోనుంచి ఉరికొచ్చింది. నన్ను ఏమన్నా పడదామని తల వంచుకుని నిలబడ్డాను. ఆమె నావైపు చూడనే లేదు. బిడ్డ ఎదమీద అరచెయ్యి పెట్టి, ఊపిరి చూస్తూ కూర్చుంది.

పిల్ల ఆయాసపడుతూనే నా కొంగు పట్టుకుంది. "టీచర్, మీరు చెప్పనేలే. ఆరుద్ర గిప్పుడు ఉన్నదా?"

ఏనాటికైనా పేలిపోయే చుక్కే అది. కానీ అందుకింకా చాలా కాలం ఉందనే శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఇదంతా తరగతిలోనైతే గంటసేపు చెప్పేదాన్ని. అప్పుడు మాత్రం పిల్ల చెయ్యి పట్టుకుని, తల్లి ముందే ఏడ్చేశాను.

"ఉంది బిడ్డా" అన్నాను. "ఉంది."