అన్న బిగించిన టర్బో

జగిత్యాల జిల్లా కోరుట్లలో మా షెడ్డుకు వచ్చే కుర్రాళ్లు ముందు మా ఆయన కోసం చూస్తారు. పానాలు పట్టుకుని కారు కింద పడుకునేది ఆయనే కాబట్టి పనంతా ఆయనదే అనుకుంటారు. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న నన్ను చూసి బిల్లులు రాసే మనిషి అనుకున్నవాళ్లూ ఉన్నారు. "మేడంను అడుగుండ్రి" అని ఆయన కారు కింది నుంచే చెబుతాడు. నేను కుర్చీ ఇటు తిప్పి, "ఏం గావాలె తమ్మీ, బండి ఉరకాలెనా, సప్పుడు చెయ్యాలెనా?" అని అడుగుతాను. చాలామందికి కావలసింది చప్పుడే. అలాంటివాళ్లను వేరే షెడ్డు చూసుకోమంటాను.

చిన్న డీజిల్ కార్ల బలం పెంచడం మా పని. టర్బో అంటే ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ విసురుకు తిరుగుతూ, బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోసే చక్రం. కారుతో వచ్చిన దాన్ని తీసి కాస్త పెద్దది బిగిస్తాడు మా ఆయన. గాలి పెరిగితే డీజిల్ కూడా పెరగాలి. ఎప్పుడు ఎంత పోయాలో ఇంజన్‌కు చెప్పే లెక్కను మ్యాప్ అంటాం. దాన్ని రాసేది నేను. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, నా మ్యాప్ ఎక్కిన చిన్న కార్లు జగిత్యాల రోడ్డు మీద పెద్ద బండ్లకు దారి ఇవ్వవు. గొప్పలు చెప్పుకుంటున్నానా అంటే, అవును, చెప్పుకుంటున్నాను.

చప్పుడును బట్టి ఇంజన్ తప్పు పట్టే చెవి నాకు సిరిసిల్లలో వచ్చింది. మాది సాంచెల ఇల్లు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అనే అంటారు. అన్నం తింటూనే పక్క గదిలో ఏ సాంచె గతి తప్పిందో చెప్పేదాన్ని. పెళ్లై కోరుట్ల వచ్చిన కొత్తలో ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండి, ఎవరో పోయినట్టు తోచేది. ఇంజన్ల దగ్గరికి నన్ను లాక్కెళ్లింది బహుశా ఆ చప్పుడు లేని లోటే.

నాకు ఒక్కడే అన్న. చదువు మానిన దగ్గర నుంచి సాంచెల మరమ్మతే అతని బతుకు. సిరిసిల్లలో ఏ సాంచె మొరాయించినా అన్నను పిలిచేవారు. కొన్నేళ్లుగా అక్కడ పని ఒక నెల ఉంటే ఒక నెల ఉండటం లేదు. మాకేమో షెడ్డులో ఇంకో మంచి చెయ్యి కావాలి. రమ్మని ఎన్నిసార్లు అడిగినా, "చెల్లె నీడకు బతుకుతుండు అంటరు" అని దాటవేసేవాడు. చివరికి తనే ఒక షరతు పెట్టాడు. తన పాత డీజిల్ కారుకు పెద్ద టర్బో తనే బిగించుకుంటాడట. ఇంకెవరి చెయ్యీ పడకూడదట. మ్యాప్ మాత్రం నేను రాయాలట.

"బండి మంచిగ ఉరికితే అస్త. లేకుంటే నా సాంచె నాకే. మల్ల అడగద్దు" అన్నాడు.

ఆ కారు పరుగెత్తాలని మా అన్నకంటే నాకే ఎక్కువ ఉండింది.

వానలు వెనకబట్టిన ఒక పొద్దున అన్న కారేసుకుని వచ్చాడు. డిక్కీలో అమ్మ పంపిన సంచి ఉంది. నిండా సాంచెల కింద పోగైన వేస్టు నూలు. సిరిసిల్లలో నూనె చేతులు తుడుచుకోవడానికి అదే వాడతారు. అందరికీ పుట్టింటి నుంచి చీరలొస్తే నాకు ఈ సంచి వస్తుంది.

బానెట్ ఎత్తి చూశాను. పైపుల క్లిప్పులన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఒక్క చోట నూనె మరక లేదు. మా ఆయన తొంగి చూసి, "బావా, నా పనికంటే గిదే సాఫున్నది" అన్నాడు. అన్న నవ్వు దాచుకోవడానికి మీసం దువ్వుకున్నాడు.

మ్యాప్ రాసే ముందు పాత మ్యాప్ మీదే ఓసారి నడిపించి, ఆ చప్పుడును ఫోన్‌లో రికార్డు చేసుకోవడం నా పద్ధతి. కోరుట్ల దాటి మల్లాపూర్ వైపు వెళ్లాం. సగం రోడ్డు మీద మక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. వాటిని దాటేదాకా మెల్లగా నడిపి, రోడ్డు ఖాళీ కాగానే అన్న తొక్కాడు. కారు ముందుకు ఉరికింది.

"సూశినవా?" అన్నాడు.

టర్బో ఈల వేసింది. వేయాలి కూడా, అది దాని గొంతు. కానీ ఆ ఈల మీద ఇంకో సన్నటి కూత ఉంది. అన్న కాలు తీశాడు. మెల్లగా సాగి ఆగాల్సిన ఈల ఠక్కున తెగింది.

"అన్నా, ఆపు. ఇంజన్ బంద్ జెయ్యి."

"ఏమాయె?"

"కూత పెడ్తున్నది. టర్బో ఇరుసుకు ఆయిల్ అందుతలేదు."

"ఏం కూత? నాకేం ఇనవడ్తలేదు."

నాకు కోపం వచ్చింది. తను బిగించినదానికి వంక పెట్టానని మొండికేస్తున్నాడనుకున్నాను. ఫోన్ తీసి రికార్డు చేసింది వినిపించాను. ఒక చెవికి ఆనించుకున్నాడు. రెండో చెవికి మార్చాడు. కళ్లు మూసుకుని మరీ విన్నాడు.

"ఇంజన్ మోత ఇనవడ్తున్నది. ఇంకేమున్నది గిండ్ల?"

అప్పుడు అర్థమైంది నాకు. అన్న మొండికేయడం లేదు. ఆ సన్నటి చప్పుడు అతనికి లేదు. ఏళ్ల తరబడి సాంచెల మోత ఆ పై స్వరాలను మెల్లమెల్లగా తినేసింది. అందుకే ఫోన్‌లో అరిచి మాట్లాడతాడు. అందుకే సగం మాటలకు ఊరికే తలూపి నవ్వుతాడు. అదంతా పొగరనుకుని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో.

మా ఆయనకు ఫోన్ చేస్తే వచ్చి, కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాడు. టర్బోకు ఆయిల్ తెచ్చే సన్న గొట్టం విప్పాను. దాని మూతి దగ్గర, నల్లగా నానిపోయి, నాలుగు పోగులు చిక్కుపడి ఉన్నాయి.

నూలు పోగులు.

సాంచె బేరింగు విప్పినప్పుడు గాలిలో ఎగిరే పీచు లోపల పడకుండా రంధ్రానికి నూలు ఉండ కుక్కుతారు. అన్న అదే జాగ్రత్త టర్బోకు కూడా తీసుకున్నాడు. బిగించేటప్పుడు ఉండ తీశాడు. పోగులు మిగిలిపోయాయి. సిరిసిల్ల మనిషి కాకపోతే ఈ పొరపాటు ఎవరూ చేయరు. టర్బో ఇరుసు పట్టి కదిపి చూశాను. చెడలేదు. వేళకు ఆపాం.

అన్న ఆ పోగులను అరచేతిలో వేసుకున్నాడు.

"సాంచె మీద పోగు తెగితే సాంచె ఆగుతది. దీంట్ల పోగు ఇరికినా ఉరుకుతనే ఉంటది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "చెవులు సుత పోయినయ్. నేనేం పనికస్త? షరతు షరతే. నేను పోత" అన్నాడు.

మాటలతో మా అన్నను గెలిచినవాళ్లు లేరు. గొట్టం కడిగి, కొత్త ఆయిల్ పోసి, మ్యాప్ రాయడానికి కూర్చున్నాను. సాయంత్రానికి ముగించి ఇంజన్ స్టార్ట్ చేశాను. ఈల శుభ్రంగా ఉంది. నేను నవ్వుతున్నాను, కానీ అన్న నా వైపు చూడటం లేదు. అరచెయ్యి ఇంజన్ మీద ఆనించి, తల వంచి నిలబడ్డాడు.

"ఎడమ దిక్కు మౌంటు వదులున్నది" అన్నాడు.

ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మ అది. నా చెవికి ఏమీ దొరకలేదు. మా ఆయన పానా వేసి చూస్తే నట్టు నిజంగానే వదులుగా ఉంది. బిగించగానే స్టీరింగు వణుకు ఆగిపోయింది.

"బండి ఉరుకుతది అన్నా. కూత నేను వింట, వణుకు నువ్వు పట్టు. ఇగ నువ్వు రావాలె" అన్నాను.

ఇంజన్ మోగుతూనే ఉంది. ఎప్పటిలాగే తలూపి నవ్వేస్తాడనుకున్నాను. ఈసారి నవ్వలేదు. వంగి తన చెవిని నా నోటి దగ్గరికి తెచ్చాడు.

"ఇనవడలే చెల్లె. జర గట్టిగ చెప్పు."

రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూసేలా చెప్పాను.