గంజినూలు ముడి

కడంబత్తూరులో దేవరాజులు కాళ్ళ గురించి చెప్పుకునే కథల్లో సగం అబద్ధాలు. మిగతా సగం అతను స్వయంగా చెప్పినవి. ఒకసారి అరక్కోణం లోకల్ రైలుతో పందెం కట్టి పరుగెత్తాడట. రైలు తిరువాలంగాడు చేరేసరికి ఇతను ప్లాట్‌ఫారం మీద కూర్చుని రెండో టీ తాగుతున్నాడట. స్టేషన్ మాస్టరు అతన్ని చూసి గడియారం సరిచేసుకున్నాడట. అందులో నిజం ఎంతోగానీ, ఆ కాళ్ళు మాత్రం నిజం. నలభై ఏళ్ళు గుంటమగ్గంలో కూర్చుని తొక్కిన కాళ్ళవి. అరవై దాటినా వాటికి అలుపంటే ఏమిటో తెలియదు.

ఏటా ఆషాఢంలో వచ్చే ఆడికృత్తికనాడు అతనూ తమ్ముడు మునికృష్ణా తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి కొండకు పాలకావడులు మోసేవారు. అందరూ నడిచే దారిలో వీళ్ళిద్దరిదే పరుగు. తెల్లవారుజామున బయలుదేరితే మధ్యాహ్నం అభిషేకానికల్లా కొండమీద ఉండాలి. తాతలనాటి నుంచి ఆ ఇంటికి రెండు కట్టడులున్నాయి. కావడి నేలకు దించకూడదు. మోసేవాడు వెనక్కి చూడకూడదు.

నిరుడు కనకమ్మసత్రం దాటాక మునికృష్ణ ఒక మైలురాయి దగ్గర ఆగిపోయాడు.

"నువ్వు పోతా వుండన్నా, నేను ఎనకాలే వస్తాను" అన్నాడు.

దేవరాజులు వెనక్కి చూడలేదు. కొండమీద పాలు సమర్పించి తిరిగివచ్చేసరికి తమ్ముడు ఆ రాయికి ఆనుకుని ఉన్నాడు. ముఖం మీద ఎవరో తువ్వాలు కప్పారు. గుండె ఆగిందన్నారు. పక్కన చెంబులో పాలు చుక్కైనా ఒలకలేదు.

ఆ రోజు నుంచి మరదలు సుమతి అతనితో మాట్లాడలేదు. రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. ఆ గోడకవతల తమ్ముడి మగ్గం మీద సగం నేసిన చీర సంవత్సరంగా అలాగే ఉంది. దాన్ని కోసే ధైర్యం ఎవరికీ లేదు. వారం కిందట సుమతి వచ్చి గడప బయటే నిలబడింది.

"ఆయన పాలు కొండెక్కలా. ఎక్కించల్ల" అంది. అంతే. బావా అని కూడా అనలేదు.

అందుకే ఈసారి కావడికి ఒకవైపు దేవరాజులు చెంబు, మరోవైపు తమ్ముడి చెంబు వేలాడాయి. తమ్ముడి చెంబు మూతికి గుడ్డ కప్పి కట్టడానికి, ఆ మగ్గం మీది పడుగులోంచే రెండు పోగులు తెంపుకున్నాడు. తమ్ముడి చేయి తగిలిన నూలు గదా అని.

తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి గోపురానికి దణ్ణం పెట్టి బయలుదేరాడు. తిరుప్పాచ్చూరు దాటకముందే వెనక అడుగులు వినబడ్డాయి. రెండు పొట్టి అడుగులు, ఒక ఈడ్పు. మళ్ళీ రెండు, ఒక ఈడ్పు. మునికృష్ణది ఎడమచేతి వాటం. మగ్గం మీద ఎడమకాలే ఎక్కువ తొక్కేవాడు, నడిస్తే కుడికాలు కొంచెం ఈడ్చేవాడు. దేవరాజులు వేగం పెంచాడు. అడుగులూ వేగం పెంచాయి.

పాండూరు దగ్గర చలివేంద్రంలో ముసలి వేలాయుధం ఏటా మజ్జిగ పోస్తాడు.

"రా రా, రాజులన్నా! మోరు తాగు. సీక్రం తాగు, నీ కాళ్ళు నిలబడలేవు గదా!" అంటూ రెండు గ్లాసులు నింపాడు.

కావడి భుజం మీదే ఉంచుకుని దేవరాజులు ఒకటి అందుకున్నాడు. "ఇంకోటి ఎవురికి?"

"ఎనకాల నిలబడుకున్నాడే, ఆయనకు."

"ఎవురూ లేరబ్బా. నేనొక్కణ్ణే."

వేలాయుధం పకపకా నవ్వాడు. "అయితే నా కండ్లే లే. పొర కమ్మినాది. ఒకటి రెండుగా అవుపిస్తాది." రోడ్డుకేసి చూసి గొణిగాడు. "ఆ లారీ మటుకు ఒకటిగానే వుండాదే..."

దేవరాజులు గ్లాసు ఖాళీ చేయకుండానే కదిలాడు.

ఆడిమాసపు సన్నజల్లు మొదలైంది. మెడ మీద నీళ్ళు కారుతున్నా ఒళ్ళు మాత్రం చల్లబడలేదు. కనకమ్మసత్రం దాటేసరికి కావడి ఒకవైపుకు వాలసాగింది. తమ్ముడి చెంబున్న కొస పైకి లేస్తోంది. వెనక అడుగులతో పాటు ఇప్పుడు ఏదో నాకుతున్న చప్పుడు కూడా. నోరెండిన మనిషి తాగుతున్నట్టు.

మైలురాయి వచ్చింది. వెనక అడుగులు ఆగాయి.

అతనూ ఆగాడు. జల్లు వెలిసి ఎండ కాస్తోంది. కొండ ఇంకా దూరమే. చెంబులో పాలు తరిగిపోతున్నాయని భుజం చెబుతోంది. ఇలాగే పరుగెత్తితే కొండకు ఖాళీ చెంబే చేరుతుంది. కట్టడి తప్పితే ఏమవుతుందో తెలియదు. తప్పకపోతే ఏమైందో నిరుడే చూశాడు.

వెనక్కి తిరిగాడు.

తారు రోడ్డు మీద కనుచూపుమేర తెల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి. వాటిని నాక్కుంటూ ఒక బక్కకుక్క వస్తోంది.

"ఓరి దొంగనాయాలా! నువ్వా ఇంతసేపూ!"

దేవరాజులు పెద్దగా నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగింది. పాలు కారింది జల్లు పడ్డాక. జల్లు పడింది పాండూరు దాటాక. అడుగులు వచ్చింది తిరుప్పాచ్చూరు నుంచి.

అతను కావడిని దించి మైలురాయి పక్కన పెట్టాడు. వంశంలో ఎవరూ చేయని పని. తమ్ముడి చెంబులో నాలుగు వేళ్ళ మందం పాలు మిగిలాయి. మూతికి కట్టిన ముడి వదులై జారిపోయింది. పడుగు నూలుకు గంజి పట్టించి ఉంటుంది. ఆరినప్పుడు ఇనుపతీగ, తడిస్తే వానపాము. నేతగాడి ఇంట్లో పసిబిడ్డకు కూడా తెలిసిన సంగతి అది. తమ్ముడి మీద బెంగతో, నలభై ఏళ్ళు మగ్గం నేసినవాడు దాన్ని మరిచిపోయాడు.

తన చెంబులోని పాలన్నీ తమ్ముడి చెంబులోకి వంచాడు. మళ్ళీ గుడ్డ కప్పి అదే నూలుతో కట్టబోయాడు. ముడి జారింది. రెండోసారీ జారింది. మూడోసారి పోగు చేతిలోంచి జారి కిందపడింది. అతను మైలురాయికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"నా చేత కాలేదురా, కిట్నా. నిరుడూ కాలా, ఈయేడూ కాలా. నువ్వే ఒక చెయ్యి పట్టు."

ఎంతసేపు అలా ఉన్నాడో, మధ్యలో చేతులేం చేశాయో గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి చెంబు మూతి బిగిసి ఉంది. తానే కట్టి ఉంటాననుకున్నాడు. అలా అనుకోవడమే మంచిదనిపించింది. కావడి సమం కావడానికి తన ఖాళీ చెంబులో కంకరరాళ్ళు వేసుకుని లేచాడు. కుక్క ఆ మైలురాయి దగ్గరే కూర్చుంది. పిలిచినా దాటి రాలేదు.

ఆ తర్వాత అతను ఎలా పరుగెత్తాడో దారిలో నడిచేవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. కొందరు పాదాలు నేలకు తగల్లేదంటారు. అది పట్టించుకోనక్కర్లేదు. అభిషేకం గంట మోగుతుండగా అతను తిరుత్తణి కొండ మెట్లెక్కాడు, అది మాత్రం నిజం.

బస్సులో ముందే చేరిన సుమతి పైమెట్టు మీద నిలబడి ఉంది. ఆమె చూపు మొదట కంకరరాళ్ళున్న చెంబు మీద పడింది.

"నీ పాలు యాడ?"

"దోవలో వాడికి పోసేసినానమ్మా."

సుమతి భర్త చెంబు అందుకుని ముడి మీద వేళ్ళు పెట్టింది. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. పాతికేళ్ళు భర్త మగ్గానికి నూలు కండెలు చుట్టిన మనిషి ఆమె. చీకట్లో తడిమినా ఎవరి ముడి ఏదో చెప్పగలదు. మునికృష్ణ ముడికి కొసలు ఎప్పుడూ ఎడమవైపుకే వాలేవి.

మెల్లగా ముడి విప్పింది. పాలచెంబు పూజారికి అందించింది. తడినూలును కొంగున కట్టుకుంది. అప్పుడు అడిగింది, ఏడాది తర్వాత మొదటిసారి ఆ పిలుపుతో.

"ఈ ముడి ఎవురేసినారు బావా?"

దేవరాజులు ఆ కొంగు ముడికేసి చూశాడు. కింది మెట్ల మీద చప్పుడైంది. రెండు పొట్టి అడుగులు, ఒక ఈడ్పు.

ఈసారి అతను వెంటనే వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత సుమతి చెయ్యి పట్టుకుని మెట్టు మీద పక్కకు జరిగి, వచ్చేవాడికి దోవ వదిలాడు.